తడవని రాజ్యం

మొల్లేటి వంశాన్ని తిరిగి నిలబెట్టింది ఇమ్మడి వెన్నభూపతి అని శాసనంలో ఉంది. ఆయన నెత్తి మీద గొడుగును తిరిగి నిలబెట్టింది మేదరి బాచన అని మాత్రం ఎక్కడా లేదు. శాసనాల్లో అందరికీ చోటు దొరకదు మరి. రాయి కొంచెమే ఉంటుంది, బిరుదులు చాలా ఉంటాయి.

వెన్నభూపతి తాతగారు శత్రువులు వస్తున్నారని విని కోట వెనకదారిన వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ కిరీటం తీసుకెళ్ళారు, నగలు తీసుకెళ్ళారు, వంటవాణ్ణి కూడా తీసుకెళ్ళారు గాని, తెల్లపట్టు రాజచ్ఛత్రం దొడ్డిగుమ్మంలో పట్టక అక్కడే ఉండిపోయింది. బాచన తండ్రి దాన్ని ఇంటికి తెచ్చి పెరట్లో బోర్లించాడు. వచ్చిన శత్రువులకు ఇక్కడ దోచుకోవడానికి ఏమీ కనబడక, నెల తిరక్కుండా విసుగొచ్చి వెళ్ళిపోయారు. ఆ తరవాత నలభై ఏళ్ళు మొల్లేరుకు రాజు లేడు. ఆ నలభై ఏళ్ళూ వానలు పడ్డాయి, వరి పండింది, పెళ్ళిళ్ళు జరిగాయి. రాజచ్ఛత్రం కింద బాచన ఇంటి కోళ్ళు తరతరాలుగా గుడ్లు పొదిగాయి.

అప్పుడు వెన్నభూపతి అరవైమంది రౌతులతో, ఒక పండితుడితో వచ్చి వంశాన్ని ఉద్ధరించాడు. యుద్ధమేమీ జరగలేదు. ఎవరూ లేని కోటను ముట్టడించి పట్టుకున్నారు. పట్టాభిషేకానికి గొడుగు కావాలన్నారు. బాచన కోళ్ళను తోలి, గొడుగు కడిగి, కొత్త వెదురు బద్దలు వేసి, పట్టు మార్చి, కాడ నున్నగా చెక్కి అప్పగించాడు. అంతకుముందూ ఆ తరవాతా వాడి పని తాటాకు గొడుగులు కట్టడమే. నాట్లు వేసే ఆడవాళ్ళు తల మీద బోర్లించుకునేవి, గొర్రెలకాపర్లు చంకన పెట్టుకు తిరిగేవి, అన్నీ వాడి చేతివే. రాజుగారి గొడుగు కట్టాననే గర్వం వాడికి మూడు రోజులుంది. నాలుగోరోజు శాసనం చెక్కడం మొదలుపెట్టారు.

శాసనం రాసింది పండితుడు త్రివిక్రమ భట్టు. బిరుదులు ఇరవై ఒకటి రాశాడు. అందులో పద్దెనిమిదోది ఏకచ్ఛత్రాధిపతి. పదకొండు నెలలు పట్టి చెక్కడం అయ్యాక మహామంత్రి అయితన ప్రగ్గడ వచ్చి రాయి ముందు నిలబడి ఒక్కో బిరుదుకూ అర్థం అడిగాడు. ప్రగ్గడ చెడ్డవాడు కాదు. లంచం ఎరగడు, అబద్ధం ఎరగడు, నవ్వు అసలే ఎరగడు. రాయి మీద ఉన్నది రాజ్యంలో ఉండి తీరాలని నమ్మినవాడు. అలాంటివాడి చేతిలో రాజ్యం పడితే ఏమవుతుందో ఆ వానాకాలంలో తెలిసింది.

"ఏకచ్ఛత్రాధిపతి యనగా?" అన్నాడు ప్రగ్గడ.

"రాజ్యమంతటికీ ఒక్కటే గొడుగు. ఆ గొడుగుకు అధిపతి మన దేవరవారు" అన్నాడు భట్టు.

"ఒక్కటే?"

"ఒక్కటే."

ప్రగ్గడ కోటగోడ ఎక్కి చూశాడు. అది ఆషాఢం. సన్నగా జల్లు పడుతోంది. సంతకు పోయే దారిలో కనుచూపు మేర తాటాకు గొడుగులే. ఆయన ముఖం పాలిపోయింది. సాయంకాలానికి మనుషుల్ని పంపి ఊళ్ళ వెంట లెక్క తీయించాడు. దేవరవారిది కాక నాలుగువేల మూడువందల పన్నెండు గొడుగులు తేలాయి. అంటే శాసనం అబద్ధమన్నమాట. శాసనం మార్చడానికి వీల్లేదు, అది శిలాక్షరం. కాబట్టి గొడుగులే మారాలి.

మర్నాడు దండోరా వేశారు. "సమస్త ప్రజలకు తెలియజేయునది ఏమనగా! ఏకచ్ఛత్రమునకు విరుద్ధముగా ఎవ్వరును ద్వితీయచ్ఛత్రమును ధరింపరాదు, దాచరాదు, కట్టరాదు. కట్టిన చేతి బొటనవేలు ఖండింపబడును!"

బాచన ఆ దండోరా విన్నప్పుడు వాడి ఒళ్ళో సగం అల్లిన గొడుగుంది. వాడు భయస్థుడు. కత్తి కిందపెట్టి కుడిచేతి బొటనవేలిని ఎడమచేత్తో మూసుకున్నాడు.

వాడి పెళ్ళాం సోమక్క గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆమెకు భయం తక్కువ, నోరు ఎక్కువ. "ఏందయ్యా ఇది? మన కోళ్ళ గొడుగు తీసుకుపోయి మనకే గొడుగొద్దంటారా?"

"మెల్లిగా అనవే తల్లీ, వింటారు."

"విననీ. రేపు నాట్లకు ఏం కప్పుకు పోవాలి? దేవరవారి బిరుదు కప్పుకు పోవాలా?"

నాలుగువేల మూడువందల పన్నెండు గొడుగులూ కోట ముందు కుప్ప పోసి తగలబెట్టారు. వానలో అవి ఒక పట్టాన అంటుకోలేదు. భటులు మంట ఆరిపోకుండా దాని మీద గొడుగు పట్టబోయి, గొడుగులు లేవని గుర్తొచ్చి మానుకున్నారు. బాచన దూరంగా నిలబడి చూశాడు. ఏ గొడుగు ఏ ఇంటికి కట్టాడో వాడికి తెలుసు. ఏడుపొచ్చింది. అయితే వాన కాబట్టి ఎవరికీ తెలియలేదు.

వాడి బొటనవేలు మాత్రం తీయలేదు. రాజచ్ఛత్రానికి బద్ద ఊడితే వేసేవాడు ఇంకొకడు లేడు కనక ఆస్థాన ఛత్రశిల్పి అని పదవి ఇచ్చారు. ఉన్న ఒక్క గొడుగునూ రోజూ ఒకసారి తుడవడం ఉద్యోగం.

గొడుగంటే ఏమిటి అనే ప్రశ్న అక్కణ్ణుంచి బయల్దేరింది. ప్రగ్గడ భట్టు చేత నిర్వచనం రాయించాడు: "తలకు పైన ఆచ్ఛాదనమై, కింద కాడ గలది, లేక లేనిది." ఈ లెక్కన తల మీద చేట పెట్టుకున్న ముసలమ్మను పట్టుకున్నారు. చేమాకు కోసి నెత్తిన పెట్టుకున్న గొర్రెలకాపరిని పట్టుకున్నారు. ఎండకు కళ్ళ మీద చెయ్యి అడ్డుపెట్టుకున్న ఒక రైతును హస్తచ్ఛత్రం నేరం కింద పట్టుకొని, చెయ్యి దించాక వదిలేశారు.

పుట్టగొడుగులు లేచాయి తరవాత. అవి ఏటా ఆ రోజుల్లో లేస్తాయి. రాజాజ్ఞ వాటి దాకా వెళ్ళలేదు పాపం. పొలంగట్ల మీద, పుట్టల మీద రాత్రికి రాత్రి వేలకు వేలు తెల్లటి గొడుగులు, అదీ రాజచ్ఛత్రం రంగులో! ప్రగ్గడ సభ పెట్టించాడు.

"అవి కూరవస్తువులు కదా మంత్రివర్యా" అన్నాడు వెన్నభూపతి. రాజు పాతికేళ్ళవాడు, మెత్తనివాడు. బిరుదులంటే ముచ్చట తప్ప వేరే దుర్గుణం లేదు.

"దేవరా, పేరులోనే గొడుగున్నది. కాడ గలదు, ఆచ్ఛాదనము గలదు. పుట్టగొడుగు శాస్త్రసమ్మతముగా గొడుగే" అన్నాడు ప్రగ్గడ. భట్టు తల ఊపాడు. ఆ తీర్పును రెండో రాతి మీద చెక్కించారు: పుట్టగొడుగు గొడుగే. అరవైమంది రౌతులూ కత్తులు దూసి పొలాల మీద పడి పుట్టగొడుగుల తలలు నరికారు. మొల్లేటి సైన్యం చేసిన మొదటి యుద్ధం అదే. విజయస్తంభం కూడా నాటారు.

ఇంతటితో ఆగితే జనం ఎలాగో గొంగళ్ళు కప్పుకు బతికేవాళ్ళు. కాని ప్రగ్గడ బుర్ర ఒకచోట ఆగేది కాదు. రాజ్యానికంతటికీ ఒక్కటే గొడుగు ఉందంటే, రాజ్యమంతా ఆ గొడుగు కిందే ఉంది. గొడుగు కింద ఉన్నవాడు తడవడు. కాబట్టి మొల్లేటి రాజ్యంలో ఎవడూ తడవడు. ఎవడైనా తడిశాడంటే దేవరవారి గొడుగు కారుతోందని ఒంటితో చాటుతున్నాడన్నమాట. ఇంతకంటే రాజద్రోహం ఏముంటుంది?

శ్రావణం మొదటిరోజు నుంచి తడవడం నేరమైంది. తడిసినవాణ్ణి ఆరేదాకా చెరలో పెట్టాలి. ఇందుకోసం ఆర్ద్రతాధికారి అని కొత్త పదవి పెట్టి, గుండెలో ఆర్ద్రత అనేది లేనివాణ్ణి వెతికి తెచ్చి కూర్చోబెట్టారు. అతని మనుషులు వీధి చివర నిలబడి వచ్చేపోయేవాళ్ళ బట్టలు పిండి చూసేవాళ్ళు.

"ఏమిది? తడిసితివా?"

"లేదండీ, చెమట."

జనం ఈ కిటుకు ఒక్కరోజులో నేర్చేసుకున్నారు. కుండపోతగా వాన కురుస్తుంటే రాజ్యమంతా చెమటలు కక్కుతూ తిరిగింది. మా ప్రజలు ఇంత కష్టజీవులని తెలియదే అని రాజు మురిసిపోయాడు. ఆర్ద్రతాధికారికి మాత్రం అనుమానం వచ్చింది. చెమటకు శ్రమ కావాలి, శ్రమ చేసినట్టు కనబడని వాడి ఒంటి మీద నీళ్ళుంటే అది చెమట కాదు, తడే అని సవరణ తెచ్చాడు. చిన్నా పెద్దా తేడా లేకుండా అమలు చేయాలని దాని కింద రాజముద్ర కూడా వేయించాడు.

సోమక్క దొరికిపోయింది ఈ సవరణ కిందే. నాట్లు ముగించి గట్టు మీద కాస్త నడుం వాల్చింది. కొంగు పిండి చూసి అడిగారు.

"చెమటా?"

"చెమటేంది నీ మొహం! వాన! పైకి చూడు, కళ్ళు లేవా?" అంది సోమక్క.

రాజ్యంలో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. వెంటనే తీసుకుపోయి చెరలో పడేశారు.

ఆ చెరసాల తాతగారి కాలపు ధాన్యపు కొట్టం. కప్పు జల్లెడలా ఉంటుంది. కప్పు నేయించమని కావలి ముత్తన రెండుసార్లు విన్నవించుకున్నాడు. శాసనంలో పదకొండో బిరుదు జీర్ణోద్ధారకుడు, అంటే పాడైనవన్నీ దేవరవారు బాగుచేసేశారు, కనక బాగుచేయాల్సిన కప్పు రాజ్యంలో ఉండటానికి వీల్లేదని జవాబొచ్చింది. అందువల్ల లోపలా వాన, బయటా వాన. ఆరితే వదిలేస్తారు. ఆరడానికి దారి లేదు.

మూడోరోజుకు సోమక్కకు జ్వరం వచ్చింది. బాచన అంబలి పట్టుకెళ్ళి కటకటాల సందులోంచి ఒళ్ళు తాకి చూశాడు. కాలిపోతోంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఎప్పుడూ కసిరే మనిషి ఆరోజు కసరలేదు. "ఏమయ్యా, చలేస్తుందయ్యా" అని మాత్రం అంది. ఆమె లేకుండా వాడికి పొద్దుపోదు, పొద్దు పొడవదు. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే మనిషి దక్కదని ముత్తన కూడా అన్నాడు.

బాచన ప్రగ్గడ దగ్గరికి పరుగెత్తాడు.

"అయ్యా, చెరసాలలో వాన పడుతోందయ్యా. నా పెళ్ళాం..."

"చెరసాల రాజ్యములో నున్నది. రాజ్యము ఛత్రచ్ఛాయలో నున్నది. అచట వాన పడుట అసంభవము. మరొకమారు ఆ మాట పలికిన, నీవును లోపలికే."

బాచన తల దించుకుని తన బొటనవేలు చూసుకున్నాడు. భయస్థుడికి కూడా ఒక్కోసారి బుర్ర పనిచేస్తుంది. తలెత్తి మెల్లిగా అన్నాడు: "తమరన్నది నిజమేనయ్యా. రాజ్యమంతా గొడుగు కిందే ఉంది. అయితే ఆ గొడుగు కట్టినవాణ్ణి నేను. ఆగ్నేయం వైపు బద్ద ఒకటి వదులైంది. చెరసాల ఉన్నది ఆగ్నేయానే. అందుకే అక్కడ చినుకు."

ప్రగ్గడ ముఖం మొదటిసారి వెలిగింది. ఛత్రం ఉండగా చినుకెలా పడుతోందని నెల నుంచి ఆయన్ను లోలోపల తినేస్తున్న సందేహం తీరిపోయింది. "అనగా దోషము దేవరవారిది కాదు, బద్దది! ఎంత మాట చెప్పితివోయి! ఛత్రమును కొనిపోయి, చినుకు పడు చోటనే నిలిపి, బద్ద సరిచేయుము. చినుకు ఆగువరకు కదల్పకుము!"

బాచన రాజచ్ఛత్రం భుజాన వేసుకుని వెళ్ళి, చెరసాలలో సోమక్క మీద పట్టి నిలబడ్డాడు. పొడిబట్ట కట్టబెట్టాడు. కుంపటి పెట్టాడు. ఒక చెయ్యి లాగితే ఇంకో చేత్తో పట్టాడు. రెండోరోజు పొద్దెక్కేసరికి ఆమె కళ్ళు తెరిచి పైకి చూసింది.

"ఇది మన కోళ్ళ గొడుగు కదయ్యా?"

బాచన గట్టిగా ఊపిరి వదిలాడు. మనిషి దక్కింది.

సరిగ్గా ఆ రోజే వంశోద్ధరణకు ఏడాది నిండింది. ఊరేగింపుకు ముహూర్తం పెట్టారు. గొడుగు మరమ్మతులో ఉందని గుర్తొచ్చి రాజు వెనకాడాడు. "గొడుగు ఎక్కడున్ననూ దేవరవారు దాని కిందనే యుందురు" అని ప్రగ్గడ ఏనుగు ఎక్కించాడు. నాలుగు వీధులు దాటేసరికి రాజు తల నుంచి కాలి దాకా కారిపోతూ, ఏనుగు మీద నుంచి ఊరంతా వినబడేలా తుమ్మాడు.

వీధి చివర ఆర్ద్రతాధికారి నిలబడి ఉన్నాడు. చిన్నా పెద్దా తేడా లేదు కదా, నిచ్చెన వేయించుకుని ఎక్కి రాజుగారి ఉత్తరీయం పిండాడు. చెంబెడు నీళ్ళు.

"చె... చెమట" అన్నాడు రాజు.

"దేవరవారు ఏనుగు మీద ఊరక కూర్చుండిరి. శ్రమ లేదు."

ప్రగ్గడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అయినా రాజముద్ర రాజముద్రే. తన చేత్తో తనే రాజును ఏనుగు మీద నుంచి దింపి చెరసాలకు నడిపించుకొచ్చాడు. తీరా అక్కడికొచ్చి గుమ్మంలో కొయ్యబారిపోయాడు. లోపల రాజ్యమంతటికీ ఉన్న ఒక్క గొడుగు కింద, మేదరి సోమక్క గంజి తాగుతూ కూర్చుని ఉంది. ఏకచ్ఛత్రం కింద ఉన్నది ఎవరో వారే అధిపతి. ప్రగ్గడ ఆ బురదలోనే సాష్టాంగపడి, "దేవీ, ఆజ్ఞ!" అన్నాడు.

సోమక్క ఆయన పిచ్చిని పట్టించుకోలేదు. వణుకుతున్న కుర్రరాజును చూసింది. "ముందు ఆ పిల్లాణ్ణి ఇటు రానీ. రా నాయనా, తల తుడుచుకో. పడిశం పడుతుంది" అంది.

వెన్నభూపతి వచ్చి సోమక్కకూ గొడుగు పట్టిన బాచనకూ మధ్య ఒదిగి కూర్చున్నాడు. కప్పులోంచి ధారలు పడుతున్నాయి. తలెత్తి చూశాడు. "నిజంగానే వాన పడుతోందే!" అన్నాడు.

"పడుతోంది ప్రభూ. నెల నుంచీ పడుతోంది" అన్నాడు బాచన.

రాజుకు సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది, అది చెప్పుకోవాలి. గొడుగుల శాసనం ఈ క్షణమే రద్దు అన్నాడు. శిలాక్షరం రద్దవదని ప్రగ్గడ లేచి నిలబడ్డాడు. అప్పుడు త్రివిక్రమ భట్టును పిలిపించారు. భట్టు గొంతు సవరించుకుని, ఏకచ్ఛత్రాధిపతికి ముందు ఒక అకారం తగిలించి, ఏకారానికి నకారం చేరిస్తే అనేకచ్ఛత్రాధిపతి అవుతుందనీ, ఏకం కంటే అనేకం పెద్దది కనక బిరుదు పెరిగిందే గాని తగ్గలేదనీ సెలవిచ్చాడు. ఉలి దెబ్బలు పదిహేను పడ్డాయి. రాజ్యం బాగుపడింది. అందరినీ చెర వదిలారు. సోమక్క మొగుడి భుజం పట్టుకుని ఇంటికి నడిచింది. బాచన కత్తికి పదును పెట్టుకున్నాడు.

పది రోజులు హాయిగా గడిచాయి. పదకొండోరోజు ప్రగ్గడ భట్టును అడిగాడు: "అనేకమనగా ఎన్ని?"

"సంస్కృతమున ఏకవచనము, ద్వివచనము, ఆపై బహువచనము. కాన మూడు మొదలు అనేకము."

దండోరా వేశారు. ఆబాలవృద్ధులూ తలకు మూడేసి గొడుగులు ధరించాలి. తక్కువైనవాణ్ణి మూడూ చూపించేదాకా చెరలో పెడతారు. కాడ ఉంది కనక గొడుగు ఆయుధంతో సమానం, కనక చెరలోకి గొడుగు తీసుకెళ్ళకూడదు.

ఆ గొడుగులు సమకూరేసరికి ఆశ్వయుజం వచ్చింది. వానలు వెనకబట్టాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. జనం రెండు చేతులా రెండు గొడుగులు పట్టుకుని, మూడోది వీపుకు కట్టుకుని, పక్కవాడి కంట్లో పొడవకుండా నడవడం నేర్చుకున్నారు. సంతలో బేరం చేయాలంటే ఒక గొడుగు పళ్ళతో పట్టుకోవాలి. బాచన తిండి మాని కట్టాడు. కట్టింది కట్టినట్టు జనం తలుపు దగ్గరే లాక్కుపోయారు. సోమక్కవి మూడూ తప్ప ఇంట్లో ఒక్కటి మిగల్లేదు. దసరా ముందురోజు తనిఖీకి వచ్చినవాళ్ళు రాజ్యంలో గొడుగు లేనివాడు ఒక్కడే ఉన్నాడని కనిపెట్టారు.

అదే చెరసాల, అదే కప్పు. ముత్తన తన మూడు గొడుగులతో తంటాలు పడుతూ తలుపు తీశాడు.

"నిన్ను చూస్తే జాలేస్తుంది బాచనా. మూడు చూపిస్తే వదిలేస్తా. చూపించడానికి లోపలికి తేకూడదు. తేకపోతే చూపించలేవు. నేనేం చేసేది?"

బాచనకు ఈసారి ఏడుపు కూడా రాలేదు. దసరాల్లో అందరికీ గొడుగులిచ్చి తను ఇక్కడ చావాలా అని ఒళ్ళు మండింది. నేల వంక చూస్తూ కూర్చున్నాడు. శ్రావణమంతా వానలో నానిన నేల. ఆగ్నేయం మూల, గోడవార చెదలపుట్ట లేచింది. దాని మీదికి చూపు పోయింది. వాడు మెల్లిగా లేచాడు.

"ముత్తన్నా, రెండో రాతి మీద ఏముందో చదువు."

ముత్తన గొడుగులు మూడూ గుమ్మం బయట గోడకు చేరేసి, అక్కణ్ణుంచే కోట ముందున్న రాయిని కళ్ళు చికిలించి చదివాడు. "పుట్టగొడుగు... గొడుగే."

"ఇటు చూడు."

పుట్ట మీద తెల్లగా, అరచేతి వెడల్పున, ఒకటి, రెండు, మూడు. లోపలికి ఎవరూ తేలేదు. అక్కడే మొలిచాయి. ముత్తన రెండుసార్లు లెక్కపెట్టాడు. తల గోక్కుని తలుపు బార్లా తెరిచాడు. గొడుగులు లేకుండా వీధిలోకి వెళ్తే మళ్ళీ పట్టుకుంటారు కనక, వాటిని వేళ్ళతో సహా పెళ్ళగించి బాచన చేతిలో పెట్టి పంపించాడు. దారిలో ఆర్ద్రతాధికారి ఆపి చూసి, మూడూ సరిగ్గా ఉన్నాయని దండం పెట్టి వదిలాడు.

సోమక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొగుడి రెండు చేతులూ తడిమి, బొటనవేళ్ళు రెండూ ఉన్నాయని చూసుకుని, అప్పుడు ఏడ్చింది. తరవాత ఆ మూడు గొడుగులూ అందుకుని కడిగి, సన్నగా తరిగి, వెల్లుల్లి దంచి వేసి ఇగురు పెట్టింది.

మొల్లేటి రాజ్యంలో ఆ పూట మూడు గొడుగులూ కంచాల్లో పెట్టుకుని, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని కడుపునిండా తిన్నది వాళ్ళిద్దరే.